పానకాలరావుకి నచ్చిందట!

ఉప్పుటూరి పానకాలరావు తొందరపడే మనిషి కాడు. ఏ వ్యాపారంలోనైనా దిగే ముందు రెండేళ్ళు విచారించేవాడు. ఊళ్ళో ఆ వ్యాపారం చేస్తున్న వాళ్ళందరి దగ్గరా కూర్చుని టీలు తాగేవాడు. ఇక దీనికి తిరుగులేదని పదిమంది ఒట్టేసి చెప్పాక, ఆ పదిమందిలో ఇద్దర్ని మళ్ళీ అడిగి, అప్పుడు మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టేవాడు.

అలా తెనాలిలో టైపు మిషన్లు టకటకలాడిపోతున్న రోజుల్లో పద్నాలుగు మిషన్లతో ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. పదో నెలలో ఎదురుమేడ మీద కంప్యూటర్ సెంటర్ వెలిసింది. మిషన్లు తీసేసి వీడియో క్యాసెట్ల లైబ్రరీ పెట్టాడు. ఇంటింటికీ కేబుల్ వచ్చింది. ఎస్టీడీ బూత్ పెట్టాడు. జనం జేబుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. రీళ్ళు కడిగే కలర్ ల్యాబ్ పెట్టాడు. ఆ సెల్‌ఫోన్లకే కెమెరాలు వచ్చాయి. ఆఖరికి నెట్ సెంటర్ పెట్టి, కుర్చీలకి కొత్త రెక్సిన్ వేయించిన వారానికి ఆ ఫోన్లోకే ఇంటర్నెట్టూ వచ్చి కూర్చుంది. ఫోన్ అనే వస్తువు తనమీద పగబట్టిందని ఆయన చాలాకాలం నమ్మాడు.

ఊరు మాత్రం ఫోన్ని కాకుండా పానకాలరావు చేతిని అనుమానించింది. ఆయన చెయ్యి పడిందంటే దుకాణం మూతపడిందన్నమాటే అని గంగానమ్మపేటలో చిన్నా పెద్దా అనడం మొదలుపెట్టారు. వేలువిడిచిన తమ్ముడొకడు కొత్త బైకు కొని, అన్న కంటపడకుండా ఆర్నెల్లు పక్కవీధిలో పెట్టుకున్నాడు. పానకాలరావుకి కోపం రాలేదు. సిగ్గేసింది. కోపమైతే ఓ పూటకి దిగిపోయేది.

అన్నిటికంటే ఆయన్ని బాధపెట్టింది కర్రీ పాయింటు. నెట్ సెంటర్ మూతపడ్డాక భార్య భ్రమరాంబ ఆ షట్టర్లోనే కర్రీ పాయింటు పెట్టింది. పదకొండేళ్ళుగా అది దివ్యంగా నడుస్తోంది. పన్నెండు గంటలకల్లా గోంగూర పప్పు అయిపోతుంది, ఒంటిగంటకి గుత్తివంకాయ. కానీ ఆ దుకాణంలోకి పానకాలరావుకి ప్రవేశం లేదు. కౌంటర్లో ఓ పూట కూర్చుంటానంటే, "మీరు ఇంట్లో ఏం ముట్టుకున్నా నేనేమీ అనను. దాన్ని మాత్రం వదిలెయ్యండి, మీకు పుణ్యముంటుంది" అనేది ఆవిడ, ఎంతో ప్రేమగా. అంచేత ఆయన ఎదురుగా చెప్పుల షాపు అరుగుమీద కూర్చుని, రోడ్డుకి ఇవతల నుంచి సొంత దుకాణాన్ని చూసుకునేవాడు.

ఇలా ఉండగా హైదరాబాదులో గుప్పిట అనే కంపెనీకి దిగులు పట్టుకుంది.

గుప్పిట అప్పటికి పదింట తొమ్మిది ఫోన్లలో ఉంది. కూరగాయలు, ఆటో, గ్యాసుబండ, డాక్టరు, కరెంటు బిల్లు, పెళ్ళిసంబంధం, ఏది కావాలన్నా జనం గుప్పిటే తెరిచేవాళ్ళు. అధినేత చంద్రహాస్ సుఖంగా ఉండేవాడు. ఓసారి విదేశంలో ఏదో మహాసభకి వెళ్తే, అక్కడో వక్త అరగంటలో బొమ్మలేసి చూపించాడట, ప్రపంచాన్నేలిన సాంకేతిక కంపెనీల్లో కూలిపోనిది ఒక్కటీ లేదని. ఆ తర్వాత అందరికీ భోజనాలు. చంద్రహాస్‌కి మాత్రం ముద్ద దిగలేదు.

తిరిగి వచ్చీరాగానే కమిటీ వేశాడు. దాని పేరు క్షీణతా పూర్వసూచన మండలి. అధ్యక్షుడు వ్యూహ విభాగాధిపతి వాచస్పతి. ఆయన ఉప్పు అందించమనాలన్నా ముందు నాలుగు వాక్యాల పీఠిక చదివే మనిషి. కమిటీ పదకొండు నెలలు శ్రమించి ఆరువందల పేజీల నివేదిక ఇచ్చింది. కూలడం తథ్యం, ఎప్పుడు కూలేదీ తెలియదు, అది తెలుసుకోవడానికి ఇంకో కమిటీ కావాలి అన్నది దాని సారాంశం.

రెండో కమిటీ డేటా తవ్వింది. పాతికేళ్ళలో పుట్టి గిట్టిన సాంకేతిక వ్యాపారాలన్నిటి లైసెన్సులూ కంప్యూటర్లోకి ఎక్కించి, ప్రతి గిట్టుడుకీ కాస్త ముందు కనపడే అంశం ఏదైనా ఉందా అని అడిగింది. వడ్డీరేట్లు, వర్షపాతం, ఎన్నికలు అన్నీ దాటుకుంటూ వెళ్ళి, కంప్యూటర్ ఒకే ఒక్క పేరు చెప్పింది.

నల్లకారు గంగానమ్మపేటలోకి వచ్చినప్పుడు పానకాలరావు అరుగుమీదే ఉన్నాడు. వాచస్పతి దిగి, చెప్పుల షాపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పానకాలరావు గారూ, సాంకేతిక సామ్రాజ్యాల పతనారంభ బిందువును సాధికారికంగా, మానవసహజంగా, యంత్రసాధ్యం కాని సున్నితత్వంతో స్పర్శించగల ఏకైక వ్యక్తిగా మిమ్మల్ని మా మండలి గుర్తించింది."

"చెప్పులు కావాలంటే లోపలికెళ్ళండి బాబూ. నేను ఊరికే కూర్చున్నా," అన్నాడు పానకాలరావు.

అర్థమయ్యేలా చెప్పడానికి వాచస్పతికి ముప్పావుగంట పట్టింది. పానకాలరావుకి ఏది నచ్చితే అది కూలిపోతుంది. కాబట్టి గుప్పిట తయారుచేసే ప్రతిదీ ముందు ఆయనకి చూపిస్తారు. నచ్చితే రద్దు చేస్తారు, నచ్చకపోతే విడుదల చేస్తారు. ఆయనకి నచ్చేదేదీ కంపెనీలో లేకుండా చూసుకుంటే, కంపెనీ ఎన్నటికీ కూలదు. హోదా, ముఖ్య క్షీణతా సూచికాధికారి.

రోడ్డు దాటి వచ్చి ఇదంతా విన్న భ్రమరాంబ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "చూశారా! అంత పెద్ద కంపెనీవాళ్ళకే తెలిసిపోయింది. ఇక నేనన్నానని బాధపడకండి."

పానకాలరావు అరుగుమీంచి లేచాడు. ఒక మాట అడిగాడు. "భ్రమరా, నేను వెళ్తా. ఏడాదిపాటు అందులో చెయ్యి పెడతా. ఏడాది తర్వాత కూడా కంపెనీ నిలబడి ఉంటే నన్ను కౌంటర్లో కూర్చోనిస్తావా?"

ఆవిడ ఆలోచించింది. పదిలో తొమ్మిది ఫోన్లలో ఉన్న కంపెనీ. తన ఫోన్లో కూడా ఉంది.

"నిలబడితే కూర్చోండి. పడిపోతే మాత్రం ఆ మాట ఇక ఎత్తకూడదు."

"ఎత్తను," అన్నాడు పానకాలరావు, పట్టరాని ధైర్యంతో.

పద్నాలుగో అంతస్తులో ఆయనకో గది ఇచ్చారు. తలుపుమీద ఆయన పేరుతో ఇత్తడి పలక. జీవితంలో ఎన్నో బోర్డులు పెయింటు వేయించాడు గానీ ఇత్తడి పలక ఇదే మొదటిసారి. లోపల మెత్తటి సోఫా, ఎదురుగా మూడు కెమెరాలు.

మొదటి రోజు సౌజన్య అనే ఖమ్మం అమ్మాయి వచ్చి తను చేసిన పని చూపించింది. గుప్పిటలో అక్షరాలు పెద్దవి చేసింది, అంతే. పానకాలరావు కళ్ళజోడు నుదుటిమీదికి తోసి చూశాడు. "అబ్బ! జోడు లేకుండా కనపడుతోందమ్మా! ఈ బుద్ధి ఇన్నాళ్ళూ ఎవడికీ పుట్టలేదేం?"

"థాంక్స్ బాబాయ్ గారూ!" అని ఆ పిల్ల గంతేసినంత పనిచేసింది. పది నిమిషాల్లో మళ్ళీ వచ్చింది, కళ్ళు ఎర్రగా చేసుకుని. పెద్ద అక్షరాలు రద్దయ్యాయి.

వెనకే వాచస్పతి వచ్చి కరచాలనం చేశాడు. "మహోపకారం చేశారు. మీ ఆమోదం లభించిన మీదట, ఈ సౌకర్యం త్వరలో కాలగర్భంలో కలవనున్నట్టు నిర్ధారణ అయింది. అది కలవకముందే మేం కలిపేశాం."

మర్నాడు ఆ పిల్లే ఇంకోటి తెచ్చింది. నెలసరుకులు ఒక్కొక్కటీ వెతుక్కోకుండా 'మళ్ళీ అదే' అని ఒక్క మీట నొక్కితే పోయిన నెల జాబితా అంతా వచ్చేస్తుంది. పానకాలరావుకి భ్రమరాంబ గుర్తొచ్చింది. నెలకోసారి ఆవిడ మినప్పప్పు కోసం ఫోన్లో ఎంత గాలిస్తుందో తలుచుకుని నవ్వాడు. అదీ రద్దయింది. ఫిర్యాదు చేద్దామని ఫోన్ చేస్తే రెండో మోతకే కడప ఆవిడెవరో ఎత్తి "చెప్పన్నా" అంది. ఆ పిలుపుకి ఆయన మనసు నిండిపోయింది. సాయంత్రానికి ఫోన్లెత్తే విభాగాన్నే ఎత్తేశారు.

ఆయనకి నచ్చనివన్నీ విడుదలయ్యాయి. బంగాళాదుంపలు కావాలంటే ముందు మీ మనోభావం ఏమిటో చెప్పమనే తెర వచ్చింది. ఏదడిగినా తిరిగి ప్రశ్న వేసే యంత్రసహాయకుడు వచ్చాడు. ఆటో వద్దనుకుంటే ఫోన్లో పదకొండు తెరలు దాటాలి. కొత్త లోగోగా పూర్తిగా మూసుకోని ఒక సున్నా వచ్చింది. దాన్ని చూసి పానకాలరావు "ఇదేమిటి, ఎవరైనా కొరికారా?" అనేసరికి మండలి లేచి చప్పట్లు కొట్టింది.

నెల తిరక్కుండానే ఆయనకి విషయం బోధపడింది. ఇలా మంచివన్నీ పీకేసుకుంటూ పోతే కంపెనీ ఏడాది నిలబడదు. నిలబడకపోతే కౌంటరు లేదు. అందుకని అబద్ధమాడాలని నిశ్చయించుకున్నాడు. పప్పు ఉడికే లోపు ఇంటికొచ్చే గ్యాసుబండ పథకాన్ని చూపిస్తే మొహం చిట్లించి "ఛీ, ఏం బాగాలేదు" అన్నాడు.

వాచస్పతి కెమెరాల లెక్క చూసి మందహాసం చేశాడు. "అధికారి గారూ, క్షమించాలి. పదవిలో ఉన్నది మీ నోరు కాదు, మీ ముఖం. మీ ఎడమ బుగ్గ ఆనందించింది."

ఆ రోజు నుంచి పానకాలరావు బుగ్గలు బిగబట్టుకుని తిరిగాడు. కానీ క్యాంటీన్లో అల్లం పెసరట్టు వేడిగా ముందుకొస్తే ఏ బుగ్గ మాత్రం ఆగుతుంది? మర్నాడు పెసరట్టు స్థానంలో గిన్నెలో గింజలేవో పెట్టారు. ఆయన్ని చూసి ఉద్యోగులు క్యారేజీలు దాచుకోవడం మొదలుపెట్టారు. "మా ప్రాజెక్టు వైపు నవ్వకండి బాబాయ్ గారూ, పిల్లలుగలవాణ్ణి" అని ఒకాయన లిఫ్టులో దణ్ణం పెట్టాడు. ఆ లిఫ్టులో చల్లగాలి బాగుందన్నాడు పానకాలరావు. మర్నాటి నుంచి అందరూ పద్నాలుగంతస్తులూ మెట్లెక్కారు.

మూడోనెలలో సౌజన్య ఉద్యోగం మానేసింది. వెళ్ళేముందు వచ్చి చెప్పింది. "మీకు నచ్చినవన్నీ మా అక్కకి చూపించాను బాబాయ్ గారూ. తనకీ నచ్చాయి. ఖమ్మంలో మేమిద్దరం కలిసి ఏదో చేసుకుంటాం."

"చేసుకోండమ్మా," అన్నాడు ఆయన, కెమెరాల వైపు వీపు పెట్టి.

అక్కచెల్లెళ్ళు పెట్టిన కంపెనీ పేరు 'ఇదిగో'. పెద్ద అక్షరాలు, 'మళ్ళీ అదే' మీట, ఫోన్ చేస్తే మనిషి. ఆ సంగతి గుప్పిటకి చేరగానే వాచస్పతి కళ్ళు మెరిశాయి.

"ఇంతవరకూ మనం అధికారి గారిని డాలుగా మాత్రమే వినియోగించాం. ఇకమీదట ఖడ్గంగా ప్రయోగిద్దాం," అని మండలిలో ప్రకటించాడు. "ఆయన ఇదిగోను మనస్ఫూర్తిగా, సంపూర్ణంగా, నిర్విరామంగా ఇష్టపడాలి."

పానకాలరావుకి వారంరోజులు అదే డ్యూటీ. ఆర్డరు కాగితమిచ్చి ఇష్టపడమన్నా, ఆయన నిజంగానే ఇష్టపడ్డాడు. బీరకాయలు తెప్పించుకున్నాడు. ఫోన్ చేస్తే ఆ కడప ఆవిడే ఎత్తి "బాగుండావా అన్నా?" అని పలకరిస్తే పొంగిపోయాడు. కెమెరాలు నూటికి తొంభైతొమ్మిది చూపించాయి. మండలి మిఠాయిలు పంచింది. ఇదిగో మృతికి ముందుగానే సంతాప తీర్మానం చేసి, పూలగుచ్ఛంతో సహా ఖమ్మం పంపించింది.

ఆ పూలు వాడిపోయేలోగా ఇదిగో ఖమ్మం దాటింది. మర్నెలకి బెజవాడ దాటింది. తొమ్మిదోనెలకి గుప్పిట పది ఫోన్లకి ఆరింట మిగిలింది, పదోనెలకి మూడింట. ప్రతివారం మండలి సమావేశమై, పానకాలరావుకి నచ్చేదొక్కటీ కంపెనీలో మిగల్లేదని రూఢి చేసుకుని, అయినా ఎందుకిలా అవుతోందని విస్తుపోయేది.

"అయ్యా, జనానికీ అవే నచ్చుతాయేమో?" అన్నాడు పానకాలరావు ఓసారి, ఉండబట్టలేక.

వాచస్పతి జాలిగా చూశాడు. "జనాభిప్రాయం మండలి పరిధిలోకి రాదండీ."

పదకొండోనెలలో కంపెనీ మూసేయబోతూ ఆఖరి సమావేశం పెట్టారు. వాచస్పతి ముఖంలో అపరాధిని పట్టుకున్న తేజస్సు. గోడమీద మొదటిరోజు నడవా కెమెరా తీసిన బొమ్మ వేయించాడు. అందులో పానకాలరావు తలుపు దగ్గర నిలబడి ఇత్తడి పలకమీద తన పేరు చదువుకుంటున్నాడు. రెండు బుగ్గలూ, కళ్ళూ, చెవులూ అన్నీ నవ్వుతున్నాయి.

"మూలకారణం లభ్యమైంది. చేరిన రోజునే, ఉదయం పదీ అయిదుకు, అధికారి గారికి మన సంస్థ నచ్చింది!"

సభ నిట్టూర్చింది. కూలింది కాబట్టి మండలి సిద్ధాంతం నిజమేనని రుజువైనట్టు తీర్మానించి, అధ్యక్షుణ్ణి అభినందించి, పానకాలరావుకి గుప్పిట ముద్రతో ఒక ధ్రువపత్రం ఇచ్చారు. ఆయన సూచనాశక్తి నూటికి నూరుశాతమని అందులో ఉంది.

చంద్రహాస్ ఆయన్ని కిందదాకా దిగబెట్టాడు. పద్నాలుగు అంతస్తులూ మెట్లే. గుమ్మం దగ్గర కారు పిలవడానికి ఫోన్ తీశాడు. అందులో పెద్ద పెద్ద అక్షరాలు. పానకాలరావు చూశాడని గమనించి చంద్రహాస్ సిగ్గుపడ్డాడు.

"మన దాంట్లో మూడ్ అడుగుతోందండీ. ఇప్పుడు నా మూడ్ ఏమిటో నాకే తెలియడం లేదు."

తెనాలి రైల్లో పానకాలరావు కిటికీలోంచి ఏమీ చూడలేదు. ధ్రువపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఊరివాళ్ళు నోటితో అనేవాళ్ళు, ఇప్పుడు ముద్ర వేసిన కాగితమే వచ్చింది. కౌంటరు మాట ఇక ఎత్తకూడదు. మగవాడు రైల్లో ఏడవకూడదన్న నియమం ఒకటుందని గుర్తుతెచ్చుకుని, ఎదురుసీట్లో ఓ పెద్దాయన ఇచ్చిన జీడిపప్పు తిన్నాడు.

భ్రమరాంబ కాగితం చదివింది. కింద జత చేసిన జాబితా కూడా చదివింది. ఏడాదిలో ఆయనకి నచ్చిన కారణంగా రద్దయినవి, మొత్తం మూడువందల పన్నెండు. చదువుతున్నకొద్దీ ఆవిడ కనుబొమలు పైకి లేచాయి.

"పెద్దక్షరాలు పీకేసింది మీరా?"

"నేను కాదే. నాకు నచ్చాయని వాళ్ళు పీకేశారు."

"'మళ్ళీ అదే' కూడా? ఫోన్లెత్తే వాళ్ళని కూడా?" ఆవిడ కాగితం బల్లమీద కొట్టింది. "ఇవన్నీ తీసేశాక ఇంకెవరుంటారండీ అందులో? నేను ఆషాఢంలోనే ఇదిగోకి మారిపోయా. మన వీధంతా మారింది. ఇందులో మీ చెయ్యి ఎక్కడుంది? వాళ్ళ బుర్రలుంటేగా!"

పానకాలరావు తల ఎత్తి చూశాడు. ముప్పైనాలుగేళ్ళ కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు.

భ్రమరాంబ అక్కడితో ఆగలేదు. ఎన్నడూ లేనిది వెనక్కి లెక్కేసింది. టైపు, క్యాసెట్లు, బూత్, ల్యాబ్, నెట్. "అసలు సంగతి నాకిప్పుడు తెలుస్తోంది. మీరు చెయ్యి పెట్టడం వల్ల ఏదీ పడిపోలేదండీ. ఊళ్ళో ఆఖరివాడు కూడా చేరిపోయాక గానీ మీరు బయల్దేరరు. రెండేళ్ళు విచారిస్తారుగా! మీరెళ్ళేసరికి అది అయిపోయే టైము అయ్యుంటుంది. మీది చేటుచెయ్యి కాదు, నిదానం."

ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయితే కౌంటర్లో..."

"ఉండండుండండి." ఆవిడ అనుమానంగా చూసింది. "కర్రీ పాయింటు పెట్టి పన్నెండేళ్ళయింది. ఊరంతా తినేశాక ఇప్పుడొస్తానంటున్నారు మీరు."

ముందు నవ్వింది భ్రమరాంబే. లోపలికెళ్ళి ఓ పళ్ళెంలో అయిదు కూరలు తలా కొంచెం వడ్డించి తెచ్చి, ఆయన్ని కౌంటర్లో కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలేసుకుని కూర్చుంది.

"తినండి. మీకు ఏది నచ్చిందో నేను మీ మొహం చూసి చెప్తా. అదే రేపు రెండు గిన్నెలు ఎక్కువ వండుతా."

దొండకాయ కారం దగ్గర ఆయన ఎడమ బుగ్గ ఆనందించింది. మర్నాడు దొండకాయ కారం పదకొండున్నరకే అయిపోయింది.

ఆ తర్వాత రెండేళ్ళకి కర్రీ పాయింటు ముందు ఇంకో నల్లకారు ఆగింది. సౌజన్య దిగింది. 'ఇదిగో' ఇప్పుడు పదింట తొమ్మిది ఫోన్లలో ఉంది. వెనక ఫైళ్ళు పట్టుకుని నలుగురు.

"పానకాలరావు గారూ, సంస్థ సుస్థిరతా దృక్పథాన్ని దీర్ఘకాలిక ప్రాతిపదికన పునర్నిర్వచించుకునే క్రమంలో, మీ అమూల్య ముఖకవళికల సేవలను..." అని మొదలుపెట్టింది సౌజన్య.

"ఎండన పడొచ్చావు, ముందు మంచినీళ్ళు తాగమ్మా," అన్నాడు పానకాలరావు కౌంటర్లోంచి గ్లాసు అందిస్తూ.

పొయ్యి దగ్గర నుంచి భ్రమరాంబ గరిటెతో సహా వచ్చింది. "కమిటీ వేశారా?"

"వేశామండీ. రెండోది కూడా."

"అయితే ఈయనతో పనిలేదమ్మా. ఇక మీరే పడిపోగలరు."

సౌజన్య గ్లాసు పట్టుకుని ఆ మాటకి నవ్వాలో బాధపడాలో తెలియక నిలబడింది. వెనకున్న నలుగురిలో ఒకడు మాత్రం పెన్ను తీసి ఆ వాక్యాన్ని పొల్లుపోకుండా రాసుకున్నాడు. దాన్ని పరిశీలించడానికి మూడో కమిటీ వేయవలసి ఉంటుందని పక్కవాడితో అన్నాడు.